ఆడుతున్న డిస్క్ బాగున్నట్టేనా? పాత రికార్డింగులను పరీక్షించిన నా అనుభవం

డీవీడీ బాగుందో లేదో చూడమంటే మన దగ్గర అందరిదీ ఒకటే పద్ధతి. ప్లేయర్లో పెట్టడం, ఐదు నిమిషాలు చూడటం, బొమ్మ వస్తే "మంచిగనే ఉన్నది" అని తీసి కవర్లో పెట్టడం. హన్మకొండలో నాకు చిన్న వీడియో స్టూడియో ఉంది. మా లైన్లోనూ ఇదే ఆనవాయితీ. కానీ ఆ ఐదు నిమిషాల చూపు డిస్క్ గురించి దాదాపు ఏమీ చెప్పదు. డిస్క్ లోపల ఎన్ని తప్పులు పేరుకున్నాయో అంకెల్లో చూపించే పరీక్ష వేరే ఉంది. నా దగ్గరున్న పాత రికార్డింగులకు ఆ పరీక్ష చేస్తూ వస్తున్నాను. ఇంట్లో పెండ్లి డీవీడీలు, పిల్లల పుట్టువెంట్రుకల సీడీలు దాచుకున్నవాళ్లకు పనికొస్తుందని, ఎలా చేశానో, ఏం కనిపించిందో రాస్తున్నాను.

నా దగ్గర ఉన్నవి పెండ్లిళ్లు ఒక్కటే కాదు. సంక్రాంతి నుంచి ఐనవోలు, కొమురవెల్లి జాతరల్లో ఒగ్గు వాళ్లు పట్నాలు వేసి మల్లన్న కథ చెప్పే రాత్రులు, ఊళ్లలో బీరప్ప కథలు, చిందు భాగవతాలు, పెద్దమనుషులు పాడిన బతుకమ్మ పాటలు ఉన్నాయి. అప్పట్లో షూటింగ్ అంతా మినీ డీవీ క్యాసెట్ మీద. క్యాసెట్ ఖర్చు ఎక్కువ కాబట్టి ఎడిటింగ్ అయ్యాక దాని మీదే ఇంకో ప్రోగ్రాం ఎక్కించేవాళ్లం. గంట డీవీ వీడియో కంప్యూటర్లోకి తెస్తే 13 జీబీ దాకా అవుతుంది. 80 జీబీ హార్డ్ డిస్క్ పెద్దదనుకునే రోజుల్లో దాన్ని దాచుకునే దారి లేదు. అందుకని చాలా కార్యక్రమాలకు మిగిలిన ఒకే ఒక్క ఆనవాలు నా షెల్ఫులోని డీవీడీయే.

నర్సంపేట దిక్కు నుంచి ఒక యువకుడు వచ్చి, "అన్నా, మా తాత చెప్పిన బీరప్ప కథ నీ దగ్గర ఉన్నదంట గదా, నేర్చుకుందామని అడుగుతున్న" అన్నాడు. డిస్క్ దొరికింది. డోలు, తాళాలు, తాత గొంతు అన్నీ చక్కగా వచ్చాయి. ఇద్దరం సంతోషపడ్డాం. గంట దాటాక బొమ్మ గళ్లుగళ్లుగా విడిపోయి, ఆగి, మళ్లీ కదిలి, చివరికి నిలిచిపోయింది. వెలుతురులో పట్టి చూస్తే ఒక్క గీత లేదు. "పైకి మంచిగనే కొడుతున్నది గదన్నా" అన్నాడు. "తమ్మీ, రెండు వారాలు టైమియ్యి, ఉన్నదంతా బయటికి తీస్తా" అని చెప్పి పంపాను. మిగతా డిస్కులు ఏ స్థితిలో ఉన్నాయోనన్న టెన్షన్ ఆ రోజే పట్టుకుంది.

కథ చివర్లోనే ఆగిపోవడానికి కారణం ఉంది. డీవీడీ మీద రాత లోపలి వైపు మొదలై అంచు వైపు సాగుతుంది. అంచు దగ్గర డిస్క్ వంపు, ఊగిసలాట ఎక్కువ. డిస్క్ మీద రాసే డ్రైవులు, అంటే మామూలు రైటర్లు, లోపల మెల్లగా మొదలుపెట్టి అంచుకు వచ్చేసరికి పూర్తి వేగం అందుకుంటాయి. చెయ్యి తగిలేది కూడా అంచే. అంటే మొదటి ఐదు నిమిషాలు చూడటమంటే డిస్కులో అన్నిటికంటే గట్టిగా ఉండే చోటును చూసి తృప్తిపడటమే.

సినిమా డీవీడీలతో వీటిని పోల్చకూడదు. ఫ్యాక్టరీలో అచ్చు కొట్టిన డిస్కులో గుంటలు ప్లాస్టిక్‌లోనే ఉంటాయి. మనం రైట్ చేసే డిస్కులో మెరిసే లోహపు పొరకు ఆనుకుని రంగు పూత ఉంటుంది. లేజర్ ఆ రంగును కాల్చి గుర్తులు పెడుతుంది. అది సేంద్రియ రంగు కాబట్టి ఎండ, వేడి, తేమ దానికి పడవు. వరంగల్లో మే నెల ఎలా ఉంటుందో, రేకుల కింద గది ఎంత కాగుతుందో మనకు తెలిసిందే.

పరీక్షకు ముందు తప్పుల లెక్క అర్థం చేసుకోవాలి. ఇదే ఈ పనికంతటికీ గుండెకాయ. డీవీడీలో డేటాను ఉన్నదున్నట్టు రాయరు. 32 కిలోబైట్ల దిమ్మలుగా విడగొట్టి, ప్రతి దిమ్మనూ పట్టికలా పేరుస్తారు. అడ్డంగా ప్రతి వరుస చివర 10 బైట్లు, ప్రతి నిలువు వరుస కింద 16 బైట్లు అదనంగా కలుపుతారు. అవి తప్పులు సరిదిద్దే కోడ్. అన్నీ కలిపితే దిమ్మకు 208 వరుసలు. ఒక వరుసలో 5 బైట్ల దాకా తప్పు పోయినా రైటర్ అక్కడికక్కడే సరిచేసుకుంటుంది. మనకు తెలియనే తెలియదు. కనీసం ఒక్క తప్పైనా ఉన్న వరుసను పీఐ ఎర్రర్ అంటారు. 5 దాటిపోయి, ఆ వరుస తనంతట తాను సరికాలేకపోతే పీఐ ఫెయిల్యూర్. అప్పుడు నిలువు కోడ్ ఆదుకుంటుంది. అదీ చేతులెత్తేస్తేనే బొమ్మ గళ్లుగళ్లు అవుతుంది.

అంటే ప్రతి డీవీడీలోనూ తప్పులుంటాయి, ఇప్పుడే కొన్నదాంట్లోనూ ఉంటాయి. అవి ఎన్ని, ఎక్కడ, పెరుగుతున్నాయా అన్నదే ప్రశ్న. వరుసగా 8 దిమ్మలు కలిపి చూస్తే పీఐ ఎర్రర్లు 280 దాటకూడదని ప్రమాణం. పీఐ ఫెయిల్యూర్లకు పరీక్షించేవాళ్లు మామూలుగా పెట్టుకునే హద్దు దిమ్మకు 4. చెదపట్టిన దూలం కూలే రోజు దాకా ఇంటి కప్పును మోస్తూనే ఉంటుంది. డిస్క్ కూడా ఈ హద్దుల దగ్గరికి వచ్చేదాకా, కొన్నిసార్లు దాటాక కూడా, నికార్సుగా ఆడుతూనే ఉంటుంది.

అందుకే రైట్ చేశాక వచ్చే వెరిఫై మీద నాకు పూర్తి నమ్మకం లేదు. సరిదిద్దిన తర్వాత డేటా సరిపోయిందా అన్నదే అది చూస్తుంది. సరిదిద్దడానికి ఎంత కష్టపడాల్సి వచ్చిందో చెప్పదు. హద్దుకు చాలా దూరంలో ఉన్న డిస్క్‌కూ, హద్దు మీద ఉన్న డిస్క్‌కూ వెరిఫైలో ఒకటే మార్కు.

ఇక సామాను. తప్పుల లెక్కను బయటికి చెప్పే రైటర్లు కొన్నే. నా ల్యాప్‌టాప్‌కు తగిలించే పల్చటి యూఎస్‌బీ డ్రైవ్ చెప్పలేదు. పాత డెస్క్‌టాప్‌లో ఉండే పెద్ద సైజు లైట్-ఆన్ కంపెనీ రైటర్లకు ఈ విషయంలో మంచి పేరుంది. హన్మకొండ చౌరస్తా దగ్గర కంప్యూటర్ రిపేర్ చేసే మిత్రుడి షాపులో, స్క్రాప్‌కు పోవడానికి సిద్ధంగా ఉన్న సిస్టమ్‌ల నుంచి అలాంటిది ఒకటి ఏరుకున్నాను. విండోస్‌లో నీరో డిస్క్‌స్పీడ్ అనే ఉచిత ప్రోగ్రాం, లైనక్స్‌లో క్యూపీఎక్స్‌టూల్ ఈ పనికి సరిపోతాయి. నేను ఎక్కువగా వాడింది మొదటిదే.

డిస్క్‌ను మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచు వైపు తుడవాలి. గుండ్రంగా తుడవకూడదు. గుండ్రంగా గీత పడితే అది రాత వెంబడే సాగుతుంది, అడ్డంగా పడినదానికంటే ఎక్కువ డేటాను తింటుంది. తర్వాత డిస్క్ క్వాలిటీ ట్యాబ్‌లో వేగం 4ఎక్స్ (మామూలు వేగానికి నాలుగింతలు) పెట్టి స్టార్ట్ నొక్కడమే. నిండు డిస్క్‌కు పావుగంట. పైన పీఐ ఎర్రర్ల గ్రాఫ్, కింద పీఐ ఫెయిల్యూర్ల గ్రాఫ్ ఎడమ నుంచి కుడికి గీసుకుంటూ పోతాయి. ఎడమ చివర డిస్క్ నడిబొడ్డు, కుడి చివర అంచు.

చివర్లో వందకు ఇన్ని అని ఒక మార్కు ఇస్తుంది. అందరి కళ్లూ దాని మీదే పడతాయి. నేను దాన్ని పట్టించుకోవడం మానేశాను. ఆ మార్కు ముఖ్యంగా కింది గ్రాఫ్‌లోని గరిష్ఠ అంకెను బట్టి వస్తుంది. పైన గుట్టంత ఎర్రర్లున్నా మంచి మార్కే రావచ్చు. ఒక్క దుమ్ము కణం దగ్గర చిన్న ముల్లు లేచినా మార్కు పడిపోవచ్చు. చూడాల్సింది గ్రాఫ్ ఆకారం. ఒకే చోట నిటారుగా లేచి వెంటనే దిగితే అది గీత, మరక, లేదా వేలిముద్ర. తుడిచి మళ్లీ పెడితే కొన్నిసార్లు మాయమవుతుంది. అంచు వైపు పోతున్న కొద్దీ మెల్లమెల్లగా ఎత్తు పెరిగితే అది రంగు పూతకో, రైట్ చేసిన తీరుకో సంబంధించినది. ఎంత తుడిచినా పోదు. నన్ను భయపెట్టేది ఇదే.

బీరప్ప కథ డిస్క్ గ్రాఫ్ సరిగ్గా అలాగే వచ్చింది. సగం దాకా నేలబారుగా ఉండి, తర్వాత మెట్లెక్కినట్టు పైకి లేచింది. చివరి భాగంలో 280 గీతను దాటి చాలా ఎత్తుకు పోయింది. కింది గ్రాఫ్‌లో కూడా అదే చోట ముళ్లు. చివరికి చదవలేక స్కాన్ ఆగిపోయింది. దాని పక్కన ఉండే, అప్పటిదాకా ఏ ఇబ్బందీ పెట్టని చిందు భాగవతం డిస్క్ పెట్టాను. టీవీలో మొదటి నుంచి చివరి దాకా ఒక్క అదురు లేకుండా ఆడింది. స్కాన్‌లో చివరి పావువంతు 280కి అటూఇటూ ఊగుతోంది. నాకు ఈ పరీక్ష విలువ తెలిసింది ఆ రెండో డిస్క్ దగ్గరే. మొదటిది పోయిందని నా కళ్లే చెప్పాయి. రెండోది పోబోతోందని స్కాన్ తప్ప ఇంకేదీ చెప్పలేదు. దాన్ని ఆ రోజే హార్డ్ డిస్క్‌లోకి దించాను, ఒక్క బైటు పోకుండా వచ్చింది.

తర్వాత ఒక పోలిక చూడాలనిపించింది. పెండ్లి డీవీడీలు ఒకే డబ్బాలోంచి తీసి, ఒకే రోజు, ఒకే రైటర్లో రైట్ చేసి ఒకటి వాళ్లకిచ్చి ఒకటి నా దగ్గర పెట్టుకున్నవి ఉన్నాయి. చుట్టాలను, తెలిసినవాళ్లను అడిగి వాళ్ల కాపీలు తెప్పించాను. మూసి ఉండే బీరువాలో, చీకట్లో, నిలువుగా పెట్టిన నా కాపీలు చాలా వరకు హద్దులోపలే ఉన్నాయి. టీవీ మీద, కిటికీ పక్కన, కవర్ లేకుండా ఉన్నవి అదే డబ్బావైనా చాలా వెనకబడ్డాయి. మరీ దెబ్బతిన్నవి పెండ్లికొడుకు, పెండ్లికూతురు ఫొటో ప్రింట్ చేసి స్టిక్కర్ అంటించినవి. అది అప్పట్లో అందరూ కోరుకున్న అలంకారం. ఎండాకాలం కాగితం, జిగురు ఒక తీరుగా, ప్లాస్టిక్ ఒక తీరుగా సాగి డిస్క్ కొద్దిగా వంగుతుంది. స్టిక్కర్ సరిగ్గా మధ్యలో పడకపోతే తిరిగేటప్పుడు బరువు ఒక పక్కకు లాగుతుంది. ఆ స్టిక్కర్‌ను పీకే ప్రయత్నం మాత్రం చేయొద్దు, ముఖ్యంగా సీడీ మీద. డీవీడీ అంటే 0.6 మిల్లీమీటర్ల బిళ్లలు రెండు అతికించినది. రాత మధ్యలో భద్రంగా ఉంటుంది. సీడీలో రాత పైవైపు, లేబుల్ పూత కిందనే ఉంటుంది. స్టిక్కర్‌తో పాటు అదీ ఊడొస్తుంది. బాల్‌పెన్నుతో సీడీ మీద పేరు రాసినా లోపల దెబ్బ పడుతుంది. సీడీలకు ఇదే ప్రోగ్రాం సీ1, సీ2 అని లెక్క చూపిస్తుంది. సీ1 మొదటి దశ తప్పుల లెక్క, సీ2 ఆ దశలో సరికాక మిగిలినవాటిది. సీ1 సగటున సెకనుకు 220 లోపు ఉండాలి. సీ2 అసలే ఉండకూడదు. పాటల సీడీ అయితే సీ2 కనిపించగానే కాపీ తీసుకోవాలి.

డిస్క్ ఇన్ఫో ట్యాబ్‌లో అసలు తయారీదారు కోడ్ కూడా కనిపిస్తుంది. కవర్ మీద పేరు ఎవరిదైనా, లోపల కోడ్ ఎవరు తయారుచేశారో చెబుతుంది. ఎంబీఐ అని మొదలైతే మన దేశపు మోసర్ బేర్, ఎంసీసీ అయితే ఒకప్పుడు వెర్బాటిమ్ వెనకున్న మిత్సుబిషి, సీఎంసీ అయితే తైవాన్ కంపెనీ. ఒకే పేరుతో, ఒకే రంగు డబ్బాలో వేరువేరు సార్లు కొన్న డిస్కుల్లో కోడ్‌లు వేరుగా ఉండటం నా దగ్గరే చూశాను. "ఫలానా కంపెనీ మంచిదా అన్నా?" అని అడిగేవాళ్లకు నేను పేరు చెప్పను. డబ్బాలోంచి ఒకటి రైట్ చేసి స్కాన్ చేయమంటాను.

కొత్త కాపీల కోసం రైటింగ్ వేగాన్నీ పరీక్షించాను. "ఎంత మెల్లగా రైట్ చేస్తే అంత మంచిది" అని మా ఫీల్డులో బలంగా నమ్ముతారు. ఒకే డబ్బాలోని 16ఎక్స్ డిస్కులను 4ఎక్స్, 8ఎక్స్, 16ఎక్స్ వేగాల్లో, అదే ఫైళ్లతో నింపి స్కాన్ చేశాను. 16ఎక్స్‌లో అంచు దగ్గర ఎర్రర్లు లేచాయి, అది ఊహించిందే. 8ఎక్స్‌లో గ్రాఫ్ చివరి దాకా నేలకు ఆనుకుని పోయింది. 4ఎక్స్ మాత్రం 8ఎక్స్ కంటే కొంచెం ఎక్కువ ఎర్రర్లే చూపించింది. 16ఎక్స్ కోసం తయారైన రంగు పూత మీద మరీ మెల్లగా కాల్చడం కూడా మంచిది కాదన్నమాట. ఇది నా రైటర్, నా డిస్కుల మాట. మీ దగ్గర వేరుగా రావచ్చు, మీ జోడీని మీరే పరీక్షించుకోవాలి.

అదే డిస్క్‌ను ఇంకో రైటర్లో పెడితే అంకెలు మారతాయి. ఒక్కోసారి సగానికి సగం తేడా వస్తుంది. ఒక్కో రైటర్ చూపు ఒక్కో తీరు. కాబట్టి ఒకరి గ్రాఫ్ పక్కన ఇంకొకరి గ్రాఫ్ పెట్టి పోల్చడం వృథా. ఒకే రైటర్, ఒకే వేగం పెట్టుకుని, ఈ ఏడాది గ్రాఫ్‌ను పోయిన ఏడాది గ్రాఫ్‌తో పోలిస్తేనే అర్థం ఉంటుంది. నేను ప్రతి స్కాన్‌నూ బొమ్మగా సేవ్ చేసి, డిస్క్ నంబరు, తేదీతో పేరు పెడుతున్నాను. 280 దాటేదాకా ఆగకుండా, పోయినసారి కంటే స్పష్టంగా పెరిగినా, 100 దాటినా కాపీ తీసేస్తున్నాను. ఆ 100 ఏ ప్రమాణంలోనూ లేదు, నా జాగ్రత్త కోసం నేను పెట్టుకున్నది.

బీరప్ప కథను బయటికి తీయడానికి లైనక్స్‌లో జీఎన్‌యూ డీడీరెస్క్యూ వాడాను. చదవగలిగినదంతా ముందు చదివేసి, చదవలేని చోట్లను ఒక మ్యాప్ ఫైల్లో రాసుకుని, తర్వాత వాటి చుట్టూ మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. దీంట్లో గొప్ప సౌకర్యం ఏమిటంటే, డిస్క్‌ను ఇంకో రైటర్లో పెట్టి అదే మ్యాప్ ఫైలు ఇస్తే, మిగిలిపోయిన చోట్లను మాత్రమే ప్రయత్నిస్తుంది. లైట్-ఆన్ చదవలేని చాలా సెక్టార్లను నా పల్చటి యూఎస్‌బీ డ్రైవ్ చదివింది! తప్పులు చెప్పలేని డ్రైవ్ చదవడంలో గట్టిదని అప్పుడు తెలిసింది. అటూఇటూ మార్చి పెడుతూ పోతే, కథ దాదాపు మొత్తం వచ్చింది. చివర్లో కొన్ని క్షణాలు బొమ్మ నిలిచిపోతుంది, గొంతు తెగుతుంది. వాటిని ఎలా పూరించాలో ఆ యువకుడికే తెలుసు. వాళ్ల నాయనకు ఆ కట్టు నోటికి వచ్చంట.

ఇప్పుడు నేను ఇచ్చే, దాచే ప్రతి డిస్క్‌నూ నిండా నింపను. 4.7 జీబీ డిస్క్ అంచు దాకా పోకుండా కొంచెం ముందే ఆపేస్తాను. 8ఎక్స్‌లో రైట్ చేసి, ఆ రోజే స్కాన్ చేస్తాను. ఫైళ్లన్నిటికీ ఎండీ5 లెక్క (ఫైలుకు వేలిముద్ర లాంటి అంకె) తీసి టెక్స్ట్ ఫైలుగా అందులోనే పెడతాను, తర్వాత ఎవరైనా ఒక్క బైటు మారిందా లేదా చూసుకోవచ్చు. డీవీడిజాస్టర్ అనే ఉచిత ప్రోగ్రాంతో సరిదిద్దే ఫైలు కూడా తయారుచేసి హార్డ్ డిస్క్‌లో ఉంచుతున్నాను. మామూలు సెట్టింగులో అది డిస్క్ సైజులో 14 శాతం ఉంటుంది. ముందుముందు డిస్కులో కొన్ని చోట్లు చదవడానికి రాకపోయినా దాంతో తిరిగి కట్టుకోవచ్చు. అయితే దాన్ని డిస్క్ ఆరోగ్యంగా ఉన్నప్పుడే చేయాలి, పోయాక చేసి లాభం లేదు. ముఖ్యమైనవాటికి వేరే కోడ్ ఉన్న డిస్క్ మీద రెండో కాపీ, హార్డ్ డిస్క్ మీద మూడోది.

నమ్మకమైన ఖాళీ డిస్కులు దొరకడమే ఇప్పుడు కష్టం. మంచి పేరున్న జపాన్ కంపెనీ తైయో యూడెన్ 2015తో తయారీ ఆపేసింది. మోసర్ బేర్ 2018లో లిక్విడేషన్‌కు పోయింది. ఎక్కడన్నా మంచి డబ్బా కనిపిస్తే ఒకటి కొని పరీక్షించి, బాగుంటే ఇంకొన్ని తెచ్చుకుంటున్నాను. రైటర్ల సంగతీ అంతే. స్కాన్ చేయగల లైట్-ఆన్ ఇంకోటి దొరికితే దాన్ని వాడకుండా పక్కన పెట్టాను. మొదటిది ఆగిపోయిన రోజు నా పాత గ్రాఫ్‌లన్నిటికీ పోలిక పోకూడదని, ఇప్పటినుంచే కొన్ని డిస్కులను రెండిట్లోనూ స్కాన్ చేసి ఆ తేడాను రాసి పెట్టుకుంటున్నాను. బతుకమ్మ పాటల డబ్బా ఇంకా ముట్టుకోలేదు. అందులో ఎక్కువ సీడీలు, కొన్నిటి మీద బాల్‌పెన్ను రాతలు. వచ్చే ఎండాకాలం లోపు వాటి సీ2 లెక్క తీయాలి.